యల్లాప్రగడ సుబ్బారావు గారూ, మన సైన్సు మేష్టారూ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు ఫోన్ చేసినప్పుడు, బడి రోజుల్లో చేసిన అల్లరి గురించి రాద్దామనే అనుకున్నాను. తీరా కూర్చున్నాక మనసు అటు పోలేదు. మన సైన్సు మేష్టారు గుర్తొచ్చారు. ఆయనతో పాటు, ఆయన మాకు కథలా చెప్పిన ఒక మనిషి గుర్తొచ్చారు. ఆ మనిషి జీవితం నాకు తెలిసినంతలో రాస్తే మేష్టారి ఋణం కొంతైనా తీరుతుందేమోనన్న ఆశతో ఇది రాస్తున్నాను. ఇంట్లోవాళ్లు వద్దన్నారు కాబట్టి మేష్టారి పేరు రాయడం లేదు. ఆయన దగ్గర చదివిన వాళ్లకు పేరు చెప్పనక్కర్లేదు కూడా.

1984-85లో మేము పదో తరగతి. ఆ ఏడాది హాఫ్ ఇయర్లీ పరీక్షల్లో మా సెక్షన్‌లో సగం మంది లెక్కల్లో తప్పాం. వాళ్లలో నేనూ ఒకడిని. పేపర్లు ఇచ్చిన రోజు క్లాసంతా తలలు వంచుకుని కూర్చుంది. తరవాతి పీరియడ్ సైన్సు. మేష్టారు వచ్చి మా మొహాలు చూసి పుస్తకం మూసేశారు. మన భీమవరంలో పుట్టిన ఒక కుర్రాడు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడని, మూడోసారి గట్టెక్కాడని, చివరికి అమెరికా వెళ్లి లక్షల మంది ప్రాణాలు నిలబెట్టే మందులు తయారు చేయించాడని చెప్పడం మొదలుపెట్టారు. గంట కొట్టేదాకా ఆ కథే చెప్పారు. యల్లాప్రగడ సుబ్బారావు అన్న పేరు నేను మొదటిసారి విన్నది ఆ రోజే.

గంట కొట్టాక నన్ను పిలిచి, చేతిలో పావలా పెట్టి, మూల మీది బడ్డీ కొట్టు నుంచి జర్దా కిళ్లీ తెమ్మన్నారు. పరిగెత్తుకుంటూ వెళ్లి తెచ్చాను. మేష్టారు మనల్ని పిలిచి పని చెప్పడమంటే ఆ రోజుల్లో ఎంత గర్వమో మీకందరికీ తెలుసు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఇంటినిండా పిల్లలు. తండ్రి ఆరోగ్యం చెడి ముందే ఉద్యోగం వదులుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు గారు కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి పారిపోయారు. తల్లి ఊరుకోలేదు. వెతికించి వెనక్కి రప్పించి మళ్లీ బడిలో వేసింది. రాజమండ్రిలో చదివారు, తప్పారు. చివరికి మద్రాసు హిందూ హైస్కూల్లో మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. మా మేష్టారు ఆ రోజు ఇక్కడ ఒక్క క్షణం ఆగి మమ్మల్నందరినీ ఒకసారి చూశారు.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదివేటప్పుడు ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు తిరిగింది. సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. తల్లి అనుమతి లేనిదే తీసుకోబోమన్న మిషన్ పెద్దలు వైద్యం చదివి సేవ చేయమని సలహా ఇచ్చారట. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువు ఖర్చులో కొంత స్నేహితులు పెట్టుకుంటే, కొంత 1919లో పెళ్లయ్యాక మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు పెట్టుకున్నారు. భార్య పేరు శేషగిరి.

ఆ రోజుల్లోనే ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. స్ప్రూ అంటే తిన్నది ఒంటబట్టకపోవడం. విరేచనాలు ఆగవు, నోరు, నాలుక పూసిపోతాయి, రక్తం పలచబడుతుంది, మనిషి కళ్లముందే ఎండిపోతాడు. తరవాత సుబ్బారావు గారికీ అదే జబ్బు వచ్చింది. ఇంగ్లీషు వైద్యంలో అప్పటికి దానికి మందు లేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. తన సోదరులను తీసుకుపోయిన ఆ జబ్బును ఆయన జన్మలో మరిచిపోలేదు. ఆయన తరవాత చేసిన పనిలో ఎక్కువ భాగం ఆ రెండు చావుల దగ్గరే మొదలైందని నాకనిపిస్తుంది.

గాంధీగారి పిలుపు విని ఆయన ఖద్దరు కట్టారు. అది సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. చివరికి ఆయన చేతికి పూర్తి ఎంబీబీఎస్ పట్టా బదులు దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ వచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణశాస్త్రం చెబుతూ, అమెరికా వెళ్లి పరిశోధన చేయాలని పట్టుబట్టారు. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి, మామగారు ఇచ్చిన డబ్బుతో 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. భార్యను పుట్టింట వదిలి వెళ్లారు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆయన మళ్లీ ఈ దేశం రాలేదు. శేషగిరి గారు భర్తను మళ్లీ చూడలేదు. ఈ సంగతి మాత్రం మేష్టారు ఆ రోజు మాకు చెప్పలేదు. నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. గొప్పవాళ్ల కథల్లో ఇలాంటి వాక్యాన్ని మనం గబగబా దాటేస్తాం. ఆ గొప్పతనానికి మూల్యం చెల్లించిన వాళ్లలో ఆ తల్లి కూడా ఉన్నారు.

బోస్టన్‌లో పగలు హార్వర్డ్ ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని. మన దేశంలో డాక్టరుగా పట్టా ఉన్న మనిషి అక్కడ ఆ పని చేసి పొట్ట పోసుకున్నారు. డిప్లొమా అయ్యాక హార్వర్డ్ జీవరసాయన శాఖలో చేరి సైరస్ ఫిస్క్ అనే ఆయన దగ్గర పనిచేశారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి ఒకటి ప్రకటించారు. కలిపే రసాయనాల వల్ల ద్రవం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇంజనీరింగ్ అయ్యాక నేను థర్మల్ విద్యుత్ కేంద్రంలో చేరాను. బాయిలర్ గొట్టాల్లో పొలుసు కట్టకుండా నీళ్లలో ఫాస్ఫేటు కలుపుతాం. అది ఎక్కువైనా ఇబ్బందే, తక్కువైనా ఇబ్బందే. ప్రతి షిఫ్టులో కెమిస్టు ఆ నీటి నమూనా తీసి, చుక్కలు వేసి, నీలం రంగు చూసి నాకు అంకె చెప్పేవాడు. చాలా ఏళ్లు అలా అంకెలు రాసుకున్నాను. అందులో వాడే రసాయనాల్లో ఒకదాన్ని, ఆ నీలం రంగు తెప్పించేదాన్ని, ఈ పనికి మొదట వాడింది ఫిస్క్, సుబ్బారావు గార్లేనని రిటైరవబోయే ఒక పెద్ద కెమిస్టు చెప్పేదాకా నాకు తెలియదు. పదో తరగతిలో విన్న మనిషి పనిని రోజూ చేతిలో పట్టుకుని కూడా గుర్తుపట్టలేదు.

ఆ కొలత పద్ధతే ఆయనకు తలుపులు తెరిచింది. కండరంలో భాస్వరాన్ని వెతుకుతూ 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏటీపీని ఫిస్క్‌తో కలిసి గుర్తించారు. అదే కాలంలో జర్మనీలో లోమాన్ కూడా ఏటీపీని కనుగొన్నాడు. మనం చెయ్యి ఎత్తాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా కణాలు ఖర్చుపెట్టే చిల్లర డబ్బు లాంటిది ఏటీపీ. ఇప్పుడు ఇంటర్ బైపీసీ పిల్లలందరూ దాన్ని బట్టీ పడతారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. పదేళ్లు గడిచినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వతమైన ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీకి మారి, తరవాత అక్కడి పరిశోధనకంతటికీ అధిపతి అయ్యారు.

ఇప్పుడు కథ అసలు చోటికి వస్తుంది. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరమ్మ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో కనిపించే రక్తహీనతను పరిశీలించింది. ఈస్టులోనూ, కాలేయంలోనూ ఉన్న ఏదో పదార్థం వాళ్లను బతికిస్తోందని తేల్చింది. అది ఏమిటో తెలియదు. 1941లో మరికొందరు శాస్త్రవేత్తలు పాలకూర నుంచి ఒక పదార్థం తీసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. సుబ్బారావు గారు ఎప్పటినుంచో కాలేయం సారాన్ని వడకట్టి వడకట్టి అదే దారిలో వెతుకుతున్నారు. లెడర్లీలో ఆయన బృందం దాన్ని శుద్ధి చేసి, నిర్మాణం తేల్చి, 1945లో కృత్రిమంగా తయారు చేసింది. ఆ పరిశోధన పత్రం మీద ఒకరిద్దరి పేర్లు కావు, బృందం మొత్తం పేర్లు ఉంటాయి. ఫోలిక్ యాసిడ్ ఇచ్చిన స్ప్రూ రోగులు లేచి కూర్చున్నారు. సోదరులను తీసుకుపోయిన జబ్బుకు మందు దొరికింది, పాతికేళ్లు ఆలస్యంగా. ఈనాడు ప్రతి గర్భిణికీ ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండే రెండో మందు ఇదే.

అక్కడితో ఆగి ఉంటే ఆయన రక్తహీనతకు మందు కనిపెట్టిన మనిషిగా మిగిలేవారు. కానీ ఫోలిక్ యాసిడ్‌కు ఇంకో ముఖం ఉంది. కొత్త కణం పుట్టాలంటే అది కావాలి. క్యాన్సర్ అంటే అదుపు లేకుండా కొత్త కణాలు పుట్టడమే కదా. దీనికీ దానికీ సంబంధమేమిటన్న ప్రశ్న అప్పుడే లేచింది. న్యూయార్క్‌లో లూయిసాన్ అనే డాక్టరు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థం ఒకటి కణుతులను తగ్గించినట్టు కనిపించింది. దాంతో లెడర్లీ వాళ్లు ఆ జాతి పదార్థం టెరోప్టెరిన్‌ను తయారు చేసి డాక్టర్లకిచ్చారు.

అప్పుడు అమెరికాలో బేబ్ రూత్ అనే బేస్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. మనకు సచిన్ ఎలాగో వాళ్లకు ఆయన అలాగ. ఆయనకు ముక్కు వెనక, గొంతు పైభాగంలో క్యాన్సర్ వచ్చింది. తలా మెడా క్యాన్సర్లంటామే, వాటిలో అదొకటి. మింగలేడు, మాట బొంగురుపోయింది, మెడ నరాల మీద కణితి ఒత్తిడితో భరించలేని నొప్పి. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. 1947 వేసవిలో ఆయనకు టెరోప్టెరిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కొన్ని వారాల్లో నొప్పి తగ్గింది, బరువు పెరిగాడు, మెడలోని గడ్డలు తగ్గాయి. డాక్టర్లు ఆశ్చర్యపోయారు. పేరు బయటపెట్టకుండా ఆయన కేసును ఆ ఏడాదే అంతర్జాతీయ క్యాన్సర్ మహాసభలో చెప్పారు. కానీ జబ్బు మళ్లీ తిరగబెట్టింది.

అదే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల వైద్యుడు మరోలా చూశాడు. రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఈ జాతి మందులిస్తే జబ్బు తగ్గడం మాట అటుంచి ఇంకా వేగం పుంజుకుంటున్నట్టు ఆయనకు అనిపించింది. మామూలు మనిషైతే మందు పనికిరాదని పక్కన పారేసేవాడు. ఆయన తిరగేసి ఆలోచించాడు. ఫోలిక్ యాసిడ్ జబ్బును పెంచుతున్నదంటే, ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునేదిస్తే జబ్బు ఆగాలి. అలా అడ్డుకునే పదార్థాలు సుబ్బారావు గారి దగ్గర అప్పటికే తయారవుతున్నాయి.

ఇది ఎలా పనిచేస్తుందో మా ఇంజనీర్ల భాషలో చెబుతాను. కణంలో ఒక తాళం ఉంది. ఫోలిక్ యాసిడ్ తాళంచెవి. అది తిరిగితేనే కొత్త కణానికి కావలసిన సరుకు తయారవుతుంది. లెడర్లీ రసాయన శాస్త్రవేత్తలు ఫోలిక్ యాసిడ్ అణువులో ఒక మూల చిన్న మార్పు చేశారు. కొత్త చెవి చూడ్డానికి పాతదానిలాగే ఉంటుంది, తాళంలోకి దూరుతుంది, కానీ తిరగదు, బయటికీ రాదు. అసలు చెవికి చోటుండదు. కణం విభజన ఆగిపోతుంది. ఆ నకిలీ చెవి పేరు అమినోప్టెరిన్. దాన్ని తయారు చేసిన వాళ్లలో డోరిస్ సీగర్ అనే ఆమె పేరు ముందుంటుంది. ఇంకో చిన్న మార్పుతో వచ్చిన దాని తమ్ముడి పేరు మెథోట్రెక్సేట్.

1948 జూన్‌లో ఫార్బర్ తన ఫలితాలు ప్రకటించాడు. బాగా ముదిరిన రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే 10 మందిలో గుణం కనిపించింది. అది శాశ్వతం కాదు, కొన్ని నెలలే. అయినా వారాల్లో పోవలసిన పిల్లలు లేచి ఆడుకున్నారు. క్యాన్సర్‌ను ఒక రసాయనంతో వెనక్కి నెట్టవచ్చని లోకం నమ్మడం మొదలుపెట్టింది అక్కడే.

సుబ్బారావు గారు దాని ఫలాన్ని చూడలేదు. రెండు నెలలు దాటగానే, 1948 ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగిపోయి చనిపోయారు. వయసు 53. ఓ వారం తరవాత, ఆగస్టు 16న బేబ్ రూత్ చనిపోయాడు. ఆ ఆటగాడిని కడసారి చూడడానికి న్యూయార్క్‌లో జనం బారులు తీరారు. ఆయన మెడ నొప్పిని కొన్నాళ్లయినా తగ్గించిన మందు ఎవరి లేబొరేటరీలోంచి వచ్చిందో వాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఆయన బృందం చేసినవి ఇంకా ఉన్నాయి. 1948లో వచ్చిన ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ లెడర్లీదే. మట్టిలోంచి దాన్ని కనిపెట్టిన డగ్గర్ గారు ఆయన దగ్గర పనిచేసినవారే. బోదకాలుకు వాడే హెట్రజాన్ 1947 నాటిది. మన పేటల్లో రాత్రి భోజనాలయ్యాక ఫైలేరియా వాళ్లు తలుపు తట్టి వేలి మీద సూదితో పొడిచి రక్తపు చుక్క తీసుకెళ్లేవాళ్లు, గుర్తుందా? ఆ తరవాత మింగమని ఇచ్చిన మాత్రలు అవే. గోదావరి గట్టున పుట్టిన మనిషి పెర్ల్ రివర్‌లో చేయించిన మందు మళ్లీ గోదావరి గట్టుకే వచ్చింది. ఆయన తన పేరు ముందుకు తోసుకునే మనిషి కాదంటారు. అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు. 1995లో, శతజయంతి సందర్భంగా, మన తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వేసింది.

మెథోట్రెక్సేట్ మాత్రం ఆయన పోయాకే ఎక్కువ పని చేసింది. 1956లో అమెరికాలో మిన్ చియు లీ అనే డాక్టరు గర్భసంచికి సంబంధించిన ఒక క్యాన్సర్‌ను ఆ మందుతోనే నయం చేశాడు. తరవాత అది పిల్లల రక్త క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు, తలా మెడా క్యాన్సర్లకు మందైంది. ముఖ్యంగా నోటి క్యాన్సర్ తిరగబెట్టి, ఆపరేషన్‌కూ రేడియేషన్‌కూ లొంగని దశలో దశాబ్దాలుగా డాక్టర్లు దీన్ని వాడుతున్నారు.

ఇక మేష్టారి సంగతి.

రిటైరయ్యాక కూడా ఆయన జర్దా కిళ్లీ మానలేదు. ఎడమ బుగ్గలోనే పెట్టుకునేవారు. ఒకసారి దసరాకి ఊరొచ్చి ఆయన్ని చూడబోతే, మేష్టారమ్మ పెట్టిన పులిహోర తినకుండా పక్కన పెట్టారు. కారం తగిలితే మండుతోందన్నారు. నోట్లో పుండుందని, మూడు నెలలుగా తగ్గట్లేదని, దగ్గర్లోని క్లినిక్‌లో ఇచ్చిన పూత మందు రాస్తున్నానని చెప్పారు. నేను సరేనన్నాను. పెద్దాసుపత్రిలో చూపించుకోమని గట్టిగా చెప్పలేదు. ఇంజనీర్ని కదా, గొట్టానికి చిన్న పగులు కనిపిస్తే యూనిట్ ఆపేయమని అరిచేవాణ్ణి. మేష్టారి నోటి దగ్గర మాత్రం మర్యాదకు పోయాను. జబ్బు తేలేసరికి ఇంకో రెండు నెలలు పోయాయి.

ఆపరేషన్‌లో దవడ ఎముకలో కొంత తీసేశారు. రేడియేషన్ ఇచ్చారు. ఏడాది బాగానే ఉన్నారు. తరవాత మెడలో గడ్డలు లేచాయి. ఇక ఆపరేషన్ కుదరదన్నారు. వారానికొకసారి వేసుకోమని చిన్న పసుపుపచ్చ మాత్రలు, రోజూ వేసుకోవడానికి సెలికాక్సిబ్ అనే నొప్పి మాత్రలు రాశారు. ముంబయి టాటా మెమోరియల్ డాక్టర్లు ఇలాంటి స్థితిలో ఉన్న 422 మంది మీద ఈ రెండు మాత్రల వైద్యాన్ని సిస్‌ప్లాటిన్ ఇంజెక్షన్‌తో పోల్చి 2020లో ఫలితాలు ప్రకటించారు. ఇంజెక్షన్ తీసుకున్న వాళ్లు సగటున ఆరు నెలలు బతికితే, మాత్రలు వేసుకున్న వాళ్లు ఏడున్నర నెలలు బతికారు. నెలన్నర తేడా. మందుల ఖర్చు తక్కువ, ఇంటి దగ్గరే వేసుకోవచ్చు.

మాత్రల షీటు తిప్పి చూస్తే మెథోట్రెక్సేట్ అని ఉంది. ఇది సుబ్బారావు గారి మందండీ అని మేష్టారికి చెప్పాను. ఆయనకు ఆరియోమైసిన్ సంగతి తెలుసు, బోదకాలు మందు సంగతి తెలుసు, ఇది తెలియదు. అప్పటికి మాట రావడం లేదు, నోటుబుక్కులో రాసి చూపించేవారు. ఎలా పనిచేస్తుందో చెప్పమని రాశారు. క్యాన్సర్ కణాలను చంపే విషమని చెప్పాను. మరి మిగతా కణాలను ఎందుకు చంపదని రాశారు. నా దగ్గర జవాబు లేదు. తెలుసుకుని రమ్మన్నట్టు చెయ్యి ఊపారు. ఏభై ఏళ్లు దాటిన వయసులో మేష్టారు నాకు ఇచ్చిన హోంవర్కు అది.

వారం రోజులు చదివాను. పైన రాసిన తాళంచెవి కథ అలా నేర్చుకున్నదే. మళ్లీ వెళ్లి చెప్పాను. త్వరత్వరగా పెరిగే కణాలకు ఫోలిక్ యాసిడ్ అవసరం ఎక్కువ కాబట్టి దెబ్బ వాటి మీద ఎక్కువ పడుతుందని, అందుకే నోటి లోపలి పొర, పేగు, రక్తకణాలు కూడా కొంత దెబ్బ తింటాయని, అందుకే దీన్ని రోజూ కాకుండా వారానికొకసారే వేసుకోవాలని, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని చెప్పాను. పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు విరుగుడుగా ఇచ్చేది కూడా ఫోలిక్ యాసిడ్ జాతిదేనని చెప్పాను. ఆపే మందూ, నిలబెట్టే మందూ ఒకే చెట్టు కొమ్మలన్నమాట. మేష్టారు అంతా విని, నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి, పక్కన పదికి ఎనిమిది వేశారు. రెండు మార్కులు ఎందుకు తగ్గించారో అడగలేదు. ఎందుకో నాకు తెలుసనే అనుకున్నాను.

వెళ్లే ముందు కిళ్లీలు తెచ్చిచ్చింది నేనేనని, అది మనసులో నలుగుతోందని చెప్పేశాను. ఆయన చాలాసేపు ఏమీ రాయలేదు. తరవాత రాసింది ఒక్క వాక్యం. తెచ్చిన పిల్లల తప్పేమీ లేదని, కానీ తెప్పించుకున్న మేష్టారి కథ ఇప్పటి పిల్లలకు చెప్పమని. మాత్రలు మొదలుపెట్టిన ఎనిమిదో నెలలో ఆయన వెళ్లిపోయారు. చివరి నెల తప్ప మిగిలిన రోజులు పెద్దగా నొప్పి లేకుండా, తన ఇంట్లో, తన కుర్చీలోనే గడిపారు.

అందుకే ఇది రాశాను. మెట్రిక్ తప్పిన ఒక కుర్రాడు, ఆసుపత్రిలో రాత్రిళ్లు పాత్రలు కడిగి, సోదరుల జబ్బుకు మందు వెతుకుతూ పోయి, చేతికి వచ్చిన దాన్ని ఇంకోరకంగా తిప్పి చూసే బృందాన్ని తయారు చేస్తే, డెబ్భై ఏళ్లు దాటాక ఆ పని మన మేష్టారికి ఎనిమిది నెలలు ఇచ్చింది. ఆ ఎనిమిది నెలలు మాకు ఎంత విలువైనవో ఆయనకు తెలిసే వీలు లేదు. అయితే మందు చేయగలిగింది అంతే. బేబ్ రూత్ నాటి నుంచి నేటి వరకు, ముదిరాక వచ్చిన మనిషికి అది గడువు పెంచింది తప్ప కాపాడలేదు. మొదట్లోనే పట్టుకుంటే నోటి క్యాన్సర్ చాలామందిలో నయమవుతుంది. రెండు మూడు వారాల్లో మానని పుండు, నోట్లో తెల్లమచ్చ గానీ ఎర్రమచ్చ గానీ, మూడు వేళ్లు నిలువుగా దూరనంతగా బిగుసుకుపోయిన నోరు, మెడలో గడ్డ, కారం తగిలితే భరించలేని మంట. వీటిలో ఏది కనిపించినా పూత మందుతో కాలం గడపకండి. ఎదుటివారు మన గురువుగారైనా సరే, మర్యాదకు పోకుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి.

మన సంఘానికి నాదొక మనవి. స్వర్ణోత్సవం రోజున సభ, సన్మానాలు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు ఒక గదిలో దంత వైద్యుణ్ణి కూర్చోబెట్టి, వచ్చిన మేష్టార్లకూ, మనకూ, బడిలో పనిచేసే ఆయాలకూ, అటెండర్లకూ నోరు పరీక్ష చేయిద్దాం. మనిషికి అయిదు నిమిషాలు చాలు. ఆ ఏర్పాటు ఖర్చు మా 1985 బ్యాచ్ పెట్టుకుంటుంది. మూల మీది బడ్డీ కొట్టు ఇంకా అక్కడే ఉంది. బడి వదిలే వేళకు దాని ముందు నిలబడే పిల్లల్ని చూసినప్పుడల్లా, నాకు మిగిలిన ఆ రెండు మార్కులు గుర్తొస్తాయి.